తుపానులో చిక్కుకున్న ఇల్లు, తొమ్మిది మంది, ఒక హత్య: నవల ఎక్కడ ఆగిపోతుంది, ఎలా కదులుతుంది

మీరు అడిగింది ఇదీ. ఒడిశాలో పర్లాకిమిడి దాటాక మహేంద్రగిరి దిగువన, గెడ్డ (వాగు) అవతల జీడితోటలో పాత మండువా లోగిలి. పండక్కి చేరిన తొమ్మిది మంది. తుపాను వచ్చి దారి తెగుతుంది, తెల్లారేసరికి తాతగారు చనిపోయి ఉంటారు. నలభై పేజీలు రాశాక కథ ముందుకు వెళ్ళడం లేదు. చదివిన ఇద్దరూ హంతకుడు చిన్నకొడుకేనని ముందే చెప్పేశారు. సెల్‌ఫోన్లున్న కాలంలో ఆ ఇంటిని లోకం నుంచి ఎలా తెంపాలో కూడా అంతు చిక్కడం లేదు.

జవాబు: రాయడం ఆపి మూడు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఇంటి ప్లాను, గంటల పట్టిక, ఆస్తి లెక్క. మూడూ పూర్తయ్యాకే నలభై ఒకటో పేజీకి వెళ్ళండి. మామూలు నవలలో ఒక పాత్ర రెండు అధ్యాయాలు కనబడకపోయినా ఎవరూ అడగరు. ఇలాంటి నవలలో కనబడని ప్రతివాడినీ పాఠకుడు అనుమానిస్తాడు. తొమ్మిది మందిలో ప్రతి ఒక్కరూ ప్రతి అరగంటా ఎక్కడున్నారో మీకు తెలియాలి. తెలియని చోట కలం దానంతటదే ఆగుతుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది.

ముందు తేదీ తేల్చుకోండి. "ఒక అక్టోబరులో పెద్ద తుపాను" అంటే చాలదు. మీ ప్రాంతానికి తిత్లీ తుపాను సరిగ్గా సరిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గజపతి జిల్లాలో వరదలతో పాటు కొండచరియలూ విరిగిపడ్డాయి. ఆ ఏడాది మహాలయ అమావాస్య 8, 9 తేదీల్లో పడింది, 10న నవరాత్రులు మొదలు. అంటే మీవాళ్ళని పండక్కి రప్పించనక్కర్లేదు, తాతగారి తండ్రికి తర్పణాలకే రప్పించవచ్చు. తద్దినానికి రాకపోతే ఊరు మాట అంటుంది కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు కూడా వస్తారు. పండక్కయితే మానేసేవాళ్ళు. అమావాస్య దాటి రెండు రోజులే కనక మబ్బు విడినా వెన్నెల ఉండదు. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. "వెన్నెల్లో ఎవరో పెరట్లోకి వెళ్ళడం చూశాను" అని ఏ పాత్ర అన్నా అది అబద్ధమే. ఆ అబద్ధాన్ని వాడుకోండి, పంచాంగం చూసే పాఠకులు మీకు దణ్ణం పెడతారు.

ఫోన్ల సంగతి. అందరి ఫోన్లూ నూతిలో పడేయడం, హంతకుడు దొంగిలించడం వంటివి వద్దు, చదివేవాళ్ళకి నవ్వొస్తుంది. టవరు పోయేదాకా ఫోన్లు పని చెయ్యనివ్వండి. కరెంటు స్తంభాలు పడ్డాక టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలు, ఆ తర్వాత డీజిల్ ఉన్నంతసేపు నడుస్తుంది. దారి తెగితే డీజిల్ రాదు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా సిగ్నల్ వస్తూ పోతూ ఉండి ఆపైన పూర్తిగా పోవడం నమ్మేలా ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది అయిపోయే గంట కూడా పట్టికలో రాసుకోండి, ఎందుకంటే ఆ తర్వాత ఎవరి చేతిలో ఏ దీపం ఉందన్నది క్లూ అవుతుంది. సిగ్నల్ లేని ఫోన్ కూడా సాక్ష్యమే. ఫొటోకి టైము పడుతుంది. సిగ్నల్ పోయాక రాసిన వాట్సాప్ మెసేజ్ గడియారం గుర్తుతో అలాగే ఉండిపోయి, ఫోన్‌లో ఛార్జి మిగిలుంటే నాలుగో రోజు టవరు రాగానే ఎవరూ ముట్టుకోకుండానే వెళ్ళిపోతుంది. చనిపోయిన మనిషి ఫోన్ నుంచి నాలుగో రోజున ఒక మెసేజ్ వెళ్ళడం కన్నా మంచి అధ్యాయాంతం మీ కథకి దొరకదు.

దారి తెగడం ఒక్క దెబ్బతో జరగకూడదు. గెడ్డ మీద చప్టా మునిగిందంటే నీళ్ళు తీసేవరకే, అది ఒక పూటే కావచ్చు. తోట మధ్యలో చెట్లు పడటం, ఘాట్ రోడ్డు మీద కొండ జారడం దానికి జత చెయ్యండి. నీరు తగ్గాక కూడా వాళ్ళు ఎందుకు ఇల్లు వదల్లేదన్న ప్రశ్నకి ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబుండాలి. పెద్దకోడలు నిండు గర్భిణి. అల్లుడు కాగితాలు దొరికేదాకా కదలడు. పెద్దకొడుకు దహనం కాకుండా వెళ్ళడు. ఇలా రాసుకుంటూ పోతే సగం కథ దొరుకుతుంది.

ఇక ఇల్లు. మండువా ఇంటికి ఉన్న సౌకర్యం మరే ఇంటికీ లేదు. నడిమధ్య ఆకాశం కనిపించే చోటు, చుట్టూ పంచ (వసారా), పంచ మీదికి తెరుచుకునే గదులు. వాన పడుతుంటే మండువా అడ్డంగా దాటినవాడు తడుస్తాడు, పంచ చుట్టూ తిరిగి వచ్చినవాడు తడవడు. కాని పంచ చుట్టూ తిరిగితే నాలుగు గుమ్మాల ముందు నుంచి రావాలి. ఈ ఒక్క సంగతి మీద మొత్తం పజిల్ నిలబెట్టవచ్చు. పొడి బట్టలతో వచ్చినవాడిని ఎవరో చూసి ఉండాలి, చూడలేదంటే ఆ నాలుగు గదుల్లో ఒకటి ఖాళీగా ఉండి ఉండాలి. ప్లానులో ఇవి తప్పకుండా గీయండి: వీధి అరుగు, సావిడి, మండువా, దేవుడి గది, వంటిల్లు, పెరటి గుమ్మం, నుయ్యి, అటక ఎక్కే నిచ్చెన ఎక్కడ ఉంటుంది, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఏ గడియ బయట, ఏది లోపల. పెంకు కప్పా, రేకులా అన్నది కూడా. రేకుల మీద వాన పడితే పక్క గదిలో కేక వినబడదు, పెంకు మీద ఆ చప్పుడు అంత ఉండదు. వంటింటికి రేకులు, పడకగదులకి పెంకు పెడితే ఎవరు ఏం విన్నారన్నది మీరు అనుకున్నట్టు నడుస్తుంది.

రహస్య మార్గం మీద మోజు వద్దు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదరీ ఈ కథలకి పది నియమాలు రాశాడు, అందులో రహస్య గది గాని దారి గాని ఒకటికి మించకూడదన్నాడు. మన ఇళ్ళకి అటక ఒక్కటే చాలు.

గంటల పట్టిక ఇలా చెయ్యండి. అడ్డంగా తొమ్మిది మంది, నిలువుగా 10వ తేదీ సాయంత్రం ఆరు నుంచి 11 పొద్దున ఎనిమిది దాకా అరగంటకో గడి. ప్రతి గడిలో మూడు సంగతులు: నిజంగా ఎక్కడున్నారు, ఎక్కడున్నామని చెబుతారు, ఎవరు చూశారు. మొదటిదీ రెండోదీ తేడా వచ్చిన గళ్ళని ఎర్ర సిరాతో చుట్టండి. ఒక్క హంతకుడి వరసలోనే ఎరుపు ఉంటే నవల తేలిపోతుంది. కనీసం ఐదుగురి వరసల్లో ఉండాలి, ప్రతిదానికీ హత్యతో సంబంధం లేని కారణం ఉండాలి. ఒకడు తాగడానికి వెళ్ళాడు, ఒకతె బీరువా వెతికింది, ఇద్దరు రహస్యంగా మాట్లాడుకున్నారు.

శవం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. మన వాతావరణంలో మరణం తర్వాత ఒకటి రెండు గంటల్లో దవడ, మెడ దగ్గర బిగుసుకోవడం మొదలై సుమారు పన్నెండు గంటలకి ఒళ్ళంతా కట్టె అవుతుంది. చల్లటి వానరోజుల్లో ఇంకాస్త నెమ్మది. కిందికి దిగిన రక్తం వల్ల వచ్చే ఊదారంగు మచ్చలు ఆరు నుంచి పన్నెండు గంటల్లో స్థిరపడతాయి. ఆపైన శవాన్ని తిప్పినా అవి మారవు. వెల్లకిలా దొరికిన తాతగారికి పొట్టమీద మచ్చలుంటే ఎవరో తర్వాత తిప్పారన్నమాట. కాని రాత్రి రెండింటికి చంపి, ఐదింటికి తిప్పి, ఆరింటికి చూపిస్తే ఈ క్లూ పనిచెయ్యదు, మచ్చలు అప్పటికింకా కదులుతుంటాయి. ఇది కావాలంటే హత్యని ముందటి సాయంత్రానికి జరపాలి. గమనించే మనిషి కూడా కావాలి. రిటైరైన నర్సు పెద్దమ్మ అయితే చాలు, డాక్టరు అక్కర్లేదు. నిమిషాలతో సహా మరణ సమయం ఆవిడ చేత చెప్పించకండి, అసలు డాక్టర్లే చెప్పరు. విషం పెట్టదలుచుకుంటే దాని మోతాదు ఎవరికీ అవసరం లేదు, రుచీ వాసనా అవసరం. పురుగుమందు ఘాటు కాఫీలో దాగదు, పక్క గదికి కూడా తెలుస్తుంది.

మీ ఇంటికి మాత్రమే ఉన్న ఒక ఒత్తిడిని మీరు వాడుకోలేదు. శవం ఇంట్లో ఉండగా పొయ్యి వెలిగించకూడదు. నాలుగు రోజులు, ఐస్ లేదు, చుట్టూ నీళ్ళు, లోపల తొమ్మిది ఆకళ్ళు, రెండో రోజుకి వాసన. దహనం చేసేద్దామని ఒకరంటారు, చేస్తే ఆధారాలు పోతాయని మరొకరంటారు, తడిసిన కట్టెలు అంటుకోవు. ఈ వాదనలో ఎవరు ఎటున్నారన్నదే మీ నవల నడుం. హంతకుడిని మాత్రం "దహనం చేసేద్దాం" వైపు పెట్టకండి, పాఠకుడు అక్కడే పట్టేస్తాడు. భక్తితో, ఆచారం కోసం పట్టుబట్టే అమాయకుడిని అటు పెట్టండి.

ఆస్తి కాగితానికి వద్దాం, మీ కథకి అసలు బలం ఇక్కడే ఉంది. "డబ్బు కోసం" అనేది కారణం కాదు, ఏ భూమి, ఎవరి పేరు, ఏ ఏడాది అన్నది కారణం. తాతగారికి మూడు రకాలు పెట్టండి. పిత్రార్జితం పల్లం పొలం. స్వార్జితం జీడితోట. మూడోది గజపతి జిల్లా గుమ్మ బ్లాకులో సవర గిరిజన రైతు పేరున ఉండి వీళ్ళు పండించుకుంటున్న మెట్ట.

పిత్రార్జితంలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు చెక్కు చెదరవు. దీని మీద సుప్రీంకోర్టు తీర్పులే 2015లో ఒకలా, 2018 ఫిబ్రవరిలో ఒకలా నడిచి, 2020 ఆగస్టు 11న తేలాయి. మీ కథ 2018 కనక అందరూ గందరగోళంలో ఉండటం సహజం. ఆ సవరణ వచ్చేనాటికి తాతగారు బతికే ఉన్నారు కాబట్టి ఆడపిల్లల వాటాకి అప్పటి ఏ తీర్పు ప్రకారమైనా ఇబ్బంది లేదు. కాని ఇంట్లో వాళ్ళు నమ్మేది వేరు: "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, దానికింక వాటా ఏటి?" హంతకుడు చట్టం ప్రకారం చంపడు, తను నమ్మిన చట్టం ప్రకారం చంపుతాడు. ఆ నమ్మకం తప్పని ఆఖర్న తేలడం మీ కథకి సహజమైన దెబ్బ.

తోట స్వార్జితం కాబట్టి ఆయన ఎవరికైనా రాసివ్వచ్చు. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు, ఆయన సంతకం చేశాక ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. తుపాను రాత్రి లాంతరు వెలుగులో తెల్లకాగితం మీద రాసింది కూడా చెల్లుతుంది. ఆ ఇద్దరు సాక్షులూ ఇంట్లోనే ఉన్నారు, మాట్లాడటం లేదు. ఇందులో ఒకరు మధ్యలో చనిపోతే రెండో మరణానికి మీకు గట్టి కారణం దొరికినట్టే.

మరొకటి. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షను ప్రకారం హంతకుడికి తను చంపిన మనిషి ఆస్తి దక్కదు. అంటే తాతగారిని చంపి అన్న మీదికి నెట్టగలిగితే రెండు పనులు ఒకేసారి అవుతాయి. నెపం వెయ్యడమే అసలు ఉద్దేశం, చంపడం దానికి దారి. ఇలా తిప్పితే "ఎవరికి లాభం" అని లెక్కలు వేసే పాఠకుడు దారి తప్పుతాడు.

గుమ్మ మెట్ట సంగతి జాగ్రత్త. గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకి మారకుండా ఒడిశా 1956 నాటి రెండో రెగ్యులేషన్ అడ్డుపడుతుంది. అందుకే ఆ సవర రైతుకి చట్టరీత్యా బలం ఉంది, ఇంట్లోవాళ్ళకి భయం ఉంది, పోలీసులు మొదట పట్టుకునేదీ అతన్నే. అతన్ని హంతకుడినీ చెయ్యకండి, ఉత్త బలిపశువునీ చెయ్యకండి. గెడ్డ ఎక్కడ దాటొచ్చో తెలిసిన ఏకైక మనిషి అతనే కావచ్చు, ఆ తెలివి కథలో పనికి రావాలి.

ఇక క్లూలు. అరవై వేల మాటల నవలకి అసలు క్లూలు పది పన్నెండు చాలు. అందులో మూడు నిర్ణాయకమైనవి, మూడూ వేరువేరు దారుల్లో ఒకే మనిషి దగ్గరికి చేరాలి. ప్రతిదీ కనీసం రెండుసార్లు కనబడాలి, చివరిసారి నవల నాలుగు వంతుల్లో మూడు పూర్తయ్యేలోపే. దాచడానికి నాలుగైదు పద్ధతులున్నాయి. హత్యకి ముందే చూపించడం అన్నిటికన్నా మంచిది, అప్పటికి పాఠకుడు వెతకడం మొదలెట్టడు. ఏడు వస్తువుల జాబితాలో నాలుగోదిగా చెప్పండి, మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, నాలుగోది ఉండదు. క్లూ చెప్పిన మరుసటి వాక్యంలోనే ఆడపడుచు, వదిన తగువు పెట్టించండి. లేదా వెంటనే ఒక నమ్మదగిన తప్పు అర్థం ఇచ్చెయ్యండి: తడిచిన తువ్వాలు, "నూతికి వెళ్ళొచ్చాను". ఉండాల్సింది లేకపోవడం కూడా క్లూయే, కాని దాన్ని ముందు ఉన్నట్టు చూపించి ఉండాలి.

మీ ప్రాంతం ఉచితంగా ఇచ్చే క్లూ ఒకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ. తాతగారి తండ్రి నాటి దస్తావేజులు తెలుగులో ఉంటాయి, ఇప్పటి పట్టా ఒడియాలో. భువనేశ్వర్‌లో చదివిన మనవడికి ఒడియా, ఇంగ్లీషు వచ్చు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. నాయనమ్మకి తెలుగు తప్ప మరో అక్షరం రాదు. పెట్టెలోంచి ఒక కాగితం చింపేశారు, కాని చింపాల్సింది అది కాదు, పక్కది. చదవడం రానివాడే ఆ తప్పు చేస్తాడు. హత్యకి ముందే, ఎక్కడో నవ్వుతాలుగా, మనవడు బస్సు బోర్డు చదవలేక వాళ్ళనీ వీళ్ళనీ అడిగే సంగతి పెట్టండి. ఎవరూ గుర్తుపెట్టుకోరు.

చిన్నకొడుకుని ఎందుకు పట్టేశారంటే అప్పులు, తాగుడు, భోజనాల దగ్గర అరుపులు అన్నీ అతనికే ఇచ్చి ఉంటారు. పైగా ఎనిమిది మంది మనసుల్లోకి వెళ్ళి అతని మనసులోకి మాత్రం వెళ్ళకపోతే అదే పెద్ద బోర్డు. ఒకే మనిషి చూపులో కథ నడపండి: ఇంటికి కొత్తగా వచ్చిన ఒడియా కోడలైతే బాగుంటుంది. మేనరికాలు, వాటాలు, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడరో ఆమెకి ఎవరో ఒకరు విడమర్చి చెప్పాల్సి వస్తుంది, ఆ వంకన పాఠకుడికీ తెలుస్తుంది. హంతకుడికి ఇంట్లో ఒక పని ఇవ్వండి. మందులిచ్చే మనిషి, లాంతర్లకి నూనె పోసే మనిషి, అందరికీ అన్నం పెట్టే మనిషి. పని చేసేవాళ్ళని పాఠకుడు పాత్రగా కాక వసతిగా చూస్తాడు. అతని దుఃఖం నిజమైనదై ఉండాలి, నటన కాదు.

కుటుంబ కలహాన్ని ఉపన్యాసాల్లో రాయొద్దు. మేడమీద గది ఎవరికిచ్చారు, ముందు ఎవరికి వడ్డించారు, మనవడి పేరు ఎవరి పేరు పెట్టారు. ఇంత చిన్న వాటి మీద కొట్లాట జరగాలి, పెద్ద గాయం రెండు వందల పేజీలు దాటాక తెలియాలి. మాట కూడా అక్కడిదే కావాలి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరి పక్కన కథ పెట్టుకుని పాత్రల చేత పుస్తకాల భాష మాట్లాడించడం అన్యాయం. "ఏటి", "నాను", "అప్ప" రానివ్వండి, చదువుకున్నవాళ్ళ నోట కోపంలో మాత్రమే వస్తే ఇంకా మంచిది.

కొలతలు త్వరగా: ముప్ఫై రెండు నుంచి ముప్ఫై ఐదు అధ్యాయాలు, ఒక్కోటి పద్దెనిమిది వందల మాటలకి అటూ ఇటూ. దారి తెగడం మూడో అధ్యాయంలో, శవం ఐదులో. రెండో మరణం సగం దగ్గర, అదీ ఎవరో ఏదో దాచినందువల్లే జరగాలి. చివరి విప్పు ఆరేడు వేల మాటలు మించితే విసుగు.

నాలుగో రోజు పోలీసులొచ్చాక ఆంధ్రా అలవాటుతో "సీఐ" అని రాయకండి, ఒడిశాలో పెద్ద స్టేషను అధికారి ఐఐసి (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జి). ఊరికి కబురు చేర్చేది గ్రామరక్షి. కేసు కాగితాలు ఒడియాలో ఉంటాయి, నాయనమ్మకి చదివి వినిపించేవాడు ఏం వదిలేశాడన్నది చూసుకోండి. 2018 కాబట్టి హత్యకి ఐపీసీ 302, అనుమానాస్పద మరణంపై విచారణకి సీఆర్‌పీసీ 174. కొత్త చట్టాల సెక్షన్లు 2024 జూలై 1 తర్వాతి కథలకే. అనుమానం ఉంటే శవపరీక్ష బరంపురం మెడికల్ కాలేజీ దాకా వెళ్తుంది, రిపోర్టు మర్నాడే వచ్చినట్టు రాయకండి.

హంతకుడు మండువాలో అందరి ముందూ ఒప్పుకోవడంతో ముగించాలని మీకుంటే ఒక ఇబ్బంది ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, ఇంట్లోవాళ్ళ ముందు ఒప్పుకున్నది బలహీన సాక్ష్యం, మర్నాడు ఒడియా వకీలు వచ్చి "బాధలో ఏదో అన్నాడు" అంటాడు. అందుకే ఆ మూడు నిర్ణాయక క్లూల్లో ఒకటైనా ఐఐసి సంచిలో వేసి సీలు కొట్టగలిగిన వస్తువై ఉండాలి: చింపిన తప్పు కాగితం ముక్కలు, లేదా నాలుగో రోజు తనంతట తానే మెసేజ్ పంపిన ఆ ఫోన్.